స్లో కుక్కర్‌ల పండ్ల క్రిస్ప్: మూత కింద కరకర ఎందుకు నిలవదు

నల్గొండల గానీ పాలమూరుల గానీ, కొడుకో బిడ్డనో అమెరికాల ఉన్న ఇండ్లల్ల సజ్జ మీద ఒక బరువైన అట్టడబ్బా దొరుకుతది. దాంట్ల కోడిగుడ్డు ఆకారంల మందమైన పింగాణీ గిన్నె, దానికి అద్దం మూత, ముందట ఒక గుండీ, దాని చుట్టు లో, హై, వార్మ్ అని రాసుంటది. అదే స్లో కుక్కర్. మొదటిసారి పప్పు పెడ్తరు, రెండోసారి మటన్ పెడ్తరు, రెండూ మంచిగనే అయితయి. మూడోసారి ఎవరో ఫోన్‌ల వీడియో చూసి ఆపిల్ క్రిస్ప్ అని షురూ చేస్తరు, కింద పండు ముక్కలు, పైన ఓట్స్, పిండి, వెన్న, చక్కెర కలిపిన పొడిపొడి పొర, మూత పెట్టి మూడు గంటలు వదిలేస్తరు, ఇల్లంత దాల్చినచెక్క వాసన గుమగుమ అంటది, అందరు గిన్నెలు పట్టుకొని కూసుంటరు, తీరా మూత తీస్తె పైపొర తడిసిన ఉప్మా లెక్క ఉంటది. పేరు క్రిస్ప్, తినబోతె జావ.

దీంట్ల చేసినోళ్ల తప్పేం లేదు, కొలతలు తప్పింది కూడ ఏం లేదు. ఆ గిన్నె పనే నీళ్లను బయటికి పోనియ్యకపోవుడు. క్రిస్ప్‌కేమో పైపొరల నీళ్లు పోవుడే కావాలె. ఎదురెదురుగ గుంజే రెండు పనులను ఒక్క మూత కింద పెట్టి, మూడు గంటలైనంక రెండూ మంచిగ రావాలె అంటున్నం, అవి ఎట్ల వస్తయి?

క్రిస్ప్ అనేది ఓవెన్‌ది. అమెరికాల క్రిస్ప్ అంటరు, బ్రిటన్‌ల దీని చుట్టం పేరు క్రంబుల్. పైన ఓట్స్ ఉంటె క్రిస్ప్, వట్టి పిండి, వెన్న, చక్కెరనే అయితె క్రంబుల్ అని ఒక లెక్క చెప్తరు గాని ఆడి ఇండ్లల్ల కూడ ఆ లెక్కను ఎవ్వరు గట్టిగ పట్టుకోరు. అసలు సంగతి ఏందంటె, ఓవెన్‌ల 180 డిగ్రీల పొడి వేడి పైనుంచి తగులుతది, కింద పండు ఉడుకుతుంటె పైన పిండి ఎండుతది, ఎర్రబడ్తది, పండులకెల్లి లేచిన ఆవిరి ఆగకుండ బయటికి పోతది. వేడివేడిగ గిన్నెల వేసి పైన ఐస్‌క్రీం పెడ్తరు. వేడి స్వీటు మీద చల్లటిది వేసుకొని తినుడు ఈడి దావతులకు కొత్తేం కాదు, ఫంక్షన్ హాల్‌ల ఖుబానీ కా మీఠా మీద ఐస్‌క్రీం వేయించుకోనోళ్లు తక్వ.

స్లో కుక్కర్ పుట్టుక వేరే. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఇంజినీరుకు 1940 సంవత్సరంల దీని మీద పేటెంట్ వచ్చింది. వాళ్ల అమ్మది లిథువేనియా. ఆడ యూదుల ఇండ్లల్ల సబ్బాత్ నాడు, అంటె శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాక పొయ్యి ముట్టియ్యరు, అందుకని ముందే చోలెంట్ అనే గింజల కూర కుండను తీస్కపోయి బేకరీ పొయ్యిల చల్లారుతున్న వేడి మీద రాత్రంత పెట్టేటోళ్లు. అమ్మ చెప్పిన ఆ కుండ ముచ్చట నుంచే ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. ముందు దాన్ని నాక్సన్ బీనరీ అని అమ్మిండు, 1970 సంవత్సరంల రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొన్నది, మరుసటి ఏడు 1971ల అదే క్రాక్‌పాట్ అనే పేరుతోని బజార్లకు వచ్చి అమెరికా అంత పాకింది. అంటె ఇది గింజలు మెత్తగ ఉడకనీకి, నీళ్లు ఇంకకుండ ఉండనీకి పుట్టిన గిన్నె. మన దిక్కు దాలిల పిడకల నిప్పు మీద పొద్దంత సన్నగ కాగే పాలకుండ ఎట్లనో ఇదీ అట్లనే, కాకపోతె దీనికి కరెంటు. దాలిల పెట్టి అప్పాలు కాల్చాలె అని ఎవ్వరన్న చూసిన్రా?

ఇగ నీళ్ల లెక్క. ఆపిల్ బరువుల దాదాపు 85 శాతం నీళ్లే, మామిడిల 83 దాక, జామల 80 దాటి ఉంటది. కిలో పండు ముక్కలు గిన్నెల వేసినమంటె కంటికి కనబడకుండ ముప్పావు లీటరు పైన నీళ్లు పోసినట్లే. వేడికి ముక్కల లోపలి గదులు పగిలి ఆ రసం బయటికి వస్తది. ఓవెన్‌ల అయితె దాంట్ల మంచి భాగం ఆవిరై పోయి మిగిలింది చిక్కటి పాకం అయితది. స్లో కుక్కర్‌ల ఆవిరి లేస్తది, మూతకు తగుల్తది, మూత జర చల్లగ ఉంటది కాబట్టి ఆడ చుక్కలు కడ్తది, కొన్ని చుక్కలు అంచుకు జారి మూతకూ గిన్నెకూ మధ్యల నీళ్ల సీలు లెక్క కూసుంటయి, మిగిలినయి సక్కగ పైపొర మీద పడ్తయి. మూడు గంటలు వాన పడ్తున్నట్లు పడ్తనే ఉంటయి. దాంట్ల ఓట్స్ ఉంటె ఇంకో చిక్కు, ఓట్స్‌ల బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటది, అది నీళ్లు పీల్చి జిగురు కడ్తది. పొద్దుగాల తాగే ఓట్స్ జావ చిక్కగ ఉండేది దాని వల్లనే. ఆ జావనే ఈడ పండ్ల మీద తయారైతది.

చాన మంది అప్పుడు అనుకునేది ఏందంటె, లో మీద పెట్టినందుకు ఇట్లైంది, హై మీద పెడ్తె కరకర అయితుండే అని. కాదు. చానా మోడళ్లల్ల లో మీద పెట్టినా హై మీద పెట్టినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, మరుగుకు జర కింద. తేడా అంత ఆడికి ఎంత సేపట్ల చేర్తది అన్నదే. నీళ్లున్న కాడ వేడి 100 దాటదు, పిండి ఎర్రబడి వేయించిన వాసన రావాలంటె 140 చుట్టుపక్కల కావాలె, చక్కెర కరిగి పాకం రంగు తిరగాలంటె 160 దాటాలె. గంటల తరబడి కాగితె 100 లోపల కూడ జర ఎర్రదనం వస్తది, దాలిల పాల మీద మీగడ ఎర్రబడ్తది సూడు, అట్ల. గాని ఎర్రబడుడు వేరు, కరకరలాడుడు వేరు. ఎండకుంట ఏదీ కరకరలాడదు.

దీనికి బయట చెప్పే ఉపాయం తువాల. మూత కింద మందమైన నూలు తువాల పరిచి దాని మీద మూత బిగియ్యాలె, ఆవిరి చుక్కలు కట్టినయి కట్టినట్లు గుడ్డ పీల్చుకుంటది. కొసలు కిందికి యాలాడకుండ పైకి మలిచి మూత మీద ముడి వేసుకోవాలె, పాలిస్టర్ గుడ్డ వద్దు. చివరి అరగంట మూతను జర పక్కకు జరిపి ఆవిరిని పోనియ్యమని కూడ చెప్తరు. రెండు ఉపాయాలూ పనిచేస్తయి, కాదనేదేం లేదు, జావ కావాల్సింది కాస్త తడి కేకు లెక్క అయితది. అంతవరకే. కింద ఉడుకుతున్న పండు నుంచి తడి పైకి పాకుతనే ఉంటది, తువాల దాన్ని ఎట్ల ఆపుతది? పైగ మూత తీసి చూసుడు, మల్ల పెట్టుడు, మల్ల తీసుడు, తీసినప్పుడల్ల పోయిన వేడి తిరిగి రానీకి పావుగంట ఇరవై నిమిషాలు పడ్తది, రెండు గంటల పని మూడు గంటలైతది.

అందుకని పనిని రెండు ముక్కలు చేసుకునుడు మేలు. కుక్కర్‌కు దానికొచ్చిన పనే ఇయ్యాలె, పండు ఉడకపెట్టుడు. పైపొరను కడాయిల విడిగ చేసుకొని తినే టైంకు గిన్నెల పండు వేసి పైన చల్లుకోవాలె. ఇది మోసం కాదా, రెండూ కలిసి ఉడికితెనే కద క్రిస్ప్ అంటె, అని ఎవరన్న అనొచ్చు. నిజమే, ఓవెన్‌ల పొరకూ పండుకూ మధ్యల ఒక మెత్తటి, పాకం పట్టిన సందు తయారైతది, అది దీంట్ల రాదు. అది పోతది, కరకర దక్కుతది. పేరే కరకర అయినప్పుడు ఏది వదులుకోవాల్నో కష్టమైన లెక్కేం కాదు.

పైపొర సంగతికి వస్తె దక్షిణ తెలంగాణ వంటింటి ముందట ఓట్స్ ప్యాకెట్ బీదదే. జొన్నపిండి సంగతి చూడుండ్రి. జొన్నల గ్లూటెన్ లేదు, సాగే గుణం లేదు, అందుకే వేడి నీళ్లు పోసి పిసికి, అరచేత్తోని కొట్టి కొట్టి రొట్టె చేయాల్సి వస్తది, కొత్తగ నేర్చుకునేటోళ్ల రొట్టె అంచులు పగుల్తయి. రొట్టెకు అది కష్టం, క్రిస్ప్‌కు అదే లాభం. మైదాను వెన్నతోని ఎక్కువ పిసికితె సాగి ముద్దయితది, అందుకే వేళ్ల కొసలతోని మెల్లగ నలపమని చెప్తరు. జొన్నపిండితోని ఆ భయమే లేదు, ఎంత కలిపినా ఇసుకిసుకగ విడిపోతది. వెన్న బదులు నెయ్యి వేస్తె ఇంక మంచిది, వెన్నల ఆరోవంతు దాక నీళ్లే ఉంటయి, నెయ్యిల ఆ నీళ్లు లేవు, అంటె ఎండబెట్టే పని సగం ముందే అయిపోయింది.

అటుకులది ఇంకో గుణం. ఒకసారి ఉడికి, నలిగి, ఎండినయే అటుకులు, కాబట్టి వేడి నెయ్యి తగలంగనే జర ఉబ్బి పటపట అంటయి, కరకరలాడనీకి పది నిమిషాలు కూడ అక్కర్లేదు. మందం అటుకులే తీసుకోవాలె, పల్చటివి నెయ్యిల పిండైపోతయి. ఇగ పల్లీలు. వనపర్తి, గద్వాల, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ దిక్కు యాసంగి పల్లీ ఎంత పండుతదో చెప్పే పనే లేదు, ఆ ఊర్లల్ల బాదం, వాల్‌నట్ కొనుక్కొచ్చి పైన చల్లుడు అంటె ఇంట్ల బాయి పెట్టుకొని వాటర్ బాటిల్ కొన్నట్లే. పల్లీలు దోరగ వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగ దంచుకోవాలె, మిక్సీల తిప్పితె నూనె వదిలి ముద్ద కడ్తది. నువ్వులు రెండు చెంచాలు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు చేసే అలవాటున్న ఇండ్లల్ల అవే గుప్పెడు నలిపి వేసినా ఓట్స్‌ను మించి నిలుస్తయి.

ఇంకా చెప్పాలంటె క్రంబుల్ అనే ఆలోచన ఈడ ఎప్పటి నుంచో ఉన్నది, మలీద అని. సద్దుల బతుకమ్మకు రొట్టెలు చేసి, నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టే మలీదకూ బ్రిటన్ క్రంబుల్‌కూ సామాను ఒకటే, పిండి, కొవ్వు, తీపి. తేడా ఏందంటె మలీద మెత్తగ ఉండాలె, క్రంబుల్ కడక్‌గ ఉండాలె. కాబట్టి రాత్రి మిగిలిన జొన్నరొట్టెనో చపాతీనో పెనం మీద సన్న మంటకు రెండు దిక్కుల కడక్ చేసి, చల్లారినంక నలిపి, నెయ్యిల ఇంకోసారి తిప్పి, చక్కెర చల్లితె అది పండ్ల మీదికి పనికొచ్చే పొడి మలీదనే.

చక్కెర అని చెప్పుడు ఊరికే కాదు. రుచికి బెల్లమే మంచిది గాని బెల్లం గాలిల తడిని తొందరగ గుంజుతది, వానకాలం పల్లిపట్టీ డబ్బాల జిగట పట్టేది అందుకే. అందుకని బెల్లం కింద పండ్లల్ల వేసి, పైపొరకు చక్కెర వాడుడు తెలివి. గడ్డలు గడ్డలుగ పొర కావాలంటె కడాయిల చక్కెర, రెండు చెంచాల నీళ్లు పోసి పాకం జర రంగు తిరగంగనే వేయించిన పిండి, అటుకులు, పల్లీలు దాంట్ల పోసి, గబగబ కలిపి నెయ్యి రాసిన పళ్లెం మీద పరుచుకోవాలె, పల్లిపట్టీ చేసిన చెయ్యికి ఇది కొత్త కాదు. చల్లారినంక చేత్తోని విరగ్గొట్టుడే. పాకం వద్దనుకుంటె పొయ్యి బంద్ చేసినంక వేడి పిండి మీద చక్కెర కలిపితె చాలు, పొడిపొడిగ ఉంటది.

పండు ఏది అనేదాని కాడ మాత్రం ఊరి మీద ప్రేమ పక్కకు పెట్టాల్సి వస్తది. నల్గొండ అంటె బత్తాయి, బత్తాయి వేడికి ఆగదు. దాని తొనల మీది తెల్ల పొరల, గింజలల్ల లిమోనిన్ అనే చేదు తయారయ్యే సామాను ఉంటది, రసం పిండంగనే తియ్యగ ఉన్నది కాసేపటికి చేదెక్కేది దానివల్లనే, వేడి తగిలితె ఇంక తొందరగ. మూడు గంటలు ఉడికించిన బత్తాయి ముక్క నోట్లె పెట్టుకొని మింగుడు కష్టం. అటు పాలమూరు దిక్కు బాలానగర్ అనంగనే సీతాఫలం, ఆ ఊరి పేరే ఒక రకానికి పేరైంది, దేశంల ఎక్కడ సీతాఫలం గురించి మాట్లాడినా బాలానగర్ రకం ముచ్చట వస్తది. అదీ అంతే, గుజ్జును వేడి చేస్తె చేదెక్కుతది. బాసుంది చేసేటోళ్లు పాలు బాగ చల్లారినంకనే సీతాఫలం గుజ్జు కలిపేది ఊకెనే కాదు. అట్లని రెండిటిని వెళ్లగొట్టే పని లేదు. బత్తాయి తోలు పైపైన గీరి, తెల్లది రాకుండ, ఆ పసుపు పొడి చిటికెడు పైపొరల కలపొచ్చు, సీతాఫలం గుజ్జును ఫ్రిజ్‌ల పెట్టి గట్టి మీగడతోని కలిపి ఐస్‌క్రీం కాడ వాడుకోవచ్చు. వేడి గిన్నెలకు మాత్రం దింపొద్దు.

మామిడి వస్తది గాని పండినంక కాదు. కొల్లాపూర్ బేనిషాన్ దోరగ ఉన్నప్పుడు, అంటె తోలు పచ్చపసుపు మధ్యల ఉండి ఒత్తితె జర గట్టిగనే ఉన్నప్పుడు ముక్కలు నిలుస్తయి, పులుపు కూడ ఉంటది కాబట్టి చక్కెరకు జోడు కుదుర్తది. బాగ మాగిన పండు గంటల గుజ్జయితది. అసలు చిక్కు వేరే, మామిడి వచ్చేది ఎండకాలంల, నల్గొండల మే నెల ఎండకు వేడి స్వీటు ముందట పెడ్తె తినేటోళ్ల మొకాలు చూడాలె.

చలికాలం పండు జామ. ఉప్పుకారం అద్దుకొని తినే జామను ఉడకపెట్టుడేందని అనిపించొచ్చు గాని దీంట్ల పెక్టిన్ అనే పండు జిగురు మస్తుగ ఉంటది, రసం తానే చిక్కబడ్తది, ముక్క తొందరగ చెదరదు. గింజల నడిమిభాగం చెంచాతోని తీసెయ్యాలె, లేకుంటె పండ్ల కింద ఇసుక పడ్డట్లు ఉంటది. లోపల గులాబీ రంగు ఉన్న జామ అయితె రంగు కూడ కంటికి ఇంపుగ ఉంటది.

ఆపిల్ మనది కాదు, కాశ్మీర్, హిమాచల్ నుంచి లారీలల్ల బాటసింగారం మార్కెట్‌కు దిగి విజయవాడ రోడ్డు పట్టుకొని నల్గొండ దాక వస్తది. కాశ్మీర్ పంట ఆగస్టు నుంచి నవంబర్ దాక, ఆ తర్వాత వచ్చేది కోల్డ్ స్టోరేజ్ సరుకు. మన బండ్ల మీద దొరికేది ఎక్కువ ఎర్ర డెలీషియస్ జాతి, తినడానికి తియ్యగ ఉంటది, ఉడికితె మెత్తగ పిండిపిండి అయితది, పులుపు తక్వ. అమెరికా వంటలల్ల చెప్పేది పచ్చటి గ్రానీ స్మిత్, పుల్లటిది, గట్టిది, మన సూపర్ మార్కెట్లల్ల దొరికితె రేటు చూసి చెయ్యి వెనుకకు వస్తది. నిమ్మరసం ఈ లోటును శానవరకు తీరుస్తది. పులుపు ఉంటె పండు గదులను పట్టుకున్న పెక్టిన్ తొందరగ కరగదు, ముక్క ఆకారం నిలుస్తది, నకిరేకల్ నిమ్మకాయ ఒక్కటి పిండితె కిలో ఆపిల్‌కు సరిపోతది. స్లో కుక్కర్‌కు ఒక మంచి గుణం ఉన్నది కూడ ఈడనే. వేడి 50 నుంచి 70 డిగ్రీల మధ్యల ఉన్నంత సేపు పండుల ఉండే ఒక ఎంజైమ్ పెక్టిన్‌ను క్యాల్షియంతోని ముడిపడేటట్లు చేస్తది, అట్ల ముడిపడ్డ ముక్క తర్వాత ఎంత ఉడికినా తొందరగ చెదరదు. పొయ్యి మీద ఆ వేడిని నాలుగైదు నిమిషాలల్ల దాటేస్తం, స్లో కుక్కర్ లో మీద మెల్లగ, బర్రె నడిచినట్లు దాటుతది. అందుకని మొదటి గంట లో మీద పెట్టి తర్వాత హైకి మార్చుడు ఆపిల్‌కూ జామకూ బాగ పనికొస్తది.

పైనాపిల్ ఫరవాలేదు, పులుపు దాంట్లనే ఉంటది. బొప్పాయి ఉడికితె చప్పగ అయితది. అరటిపండు చివరి పావుగంట వేస్తె సరే, ముందే వేస్తె పిల్లలకు పెట్టే గుజ్జు.

కొలతల మాటకొస్తె మూడున్నర లీటర్ల గిన్నెకు తోలు, గింజ తీసిన పండు కిలో, బొటనవేలు మందం ముక్కలు. చిన్నగ కోస్తె పులుసైతది. తరిగిన బెల్లం 80 గ్రాములు, పండు పులుపును బట్టి అటుఇటు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క చిన్న ముక్క, జామకైతె దాల్చినచెక్క కన్న ఇలాచి నయం. కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర టేబుల్ స్పూన్ పొడిగనే ముక్కలకు పట్టించాలె, ఆవిరి బయటికి పోదు కాబట్టి రసాన్ని చిక్కబరిచే పని అదే చేయాలె. నీళ్లు ఒక్క చుక్క పోసే పని లేదు, ఓవెన్ కోసం రాసిన రెసిపీల కప్పు నీళ్లో రసమో ఉంటె దాన్ని తీసెయ్యాలె. హై మీదనే అయితె ఆపిల్ రెండు నుంచి రెండున్నర గంటలు, జామ రెండు, దోర మామిడి గంటన్నర లోపల. పైపొరకు జొన్నపిండి 100 గ్రాములు, అటుకులు 60, పల్లీలు 80, చక్కెర 60, నెయ్యి 70. జొన్నపిండిని నెయ్యిల సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు వేయించాలె, సున్నుండలకు మినుపపప్పు వేయించినప్పుడు ఎట్ల వాసన మారుతదో అట్ల మారేదాక. ఈ పని తొందర పెడ్తె పచ్చి వాసన ఉండిపోతది, అప్పుడు కింద పండు ఎంత మంచిగున్నా నోరు ఒప్పుకోదు.

వండేముందు ప్లగ్గు సంగతి చూసుకోవాలె, ఇది మాత్రం హల్కగ తీసుకునేది కాదు. అమెరికా నుంచి సూట్‌కేసుల వచ్చిన కుక్కర్ అడుగున 120 వోల్టులు అని రాసుంటది, ఈడ మన గోడల వచ్చేది 230. వోల్టేజీ రెండింతలైతె లాగే కరెంటు పవర్ నాలుగింతల దాక పోతది, 120కి 250 వాట్లు తీసుకునే కుక్కర్ 230 మీద 900 వాట్లు దాటి తీసుకుంటది, వైరు కాలుడో గిన్నె పగులుడో ఏదో ఒకటి. బజార్ల దొరికే పిన్ను అడాప్టర్ పిన్ను ఆకారమే మారుస్తది, వోల్టేజీని మార్చదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలె, కుక్కర్ వాట్లకు రెండింతల కెపాసిటీ ఉన్నది తీసుకుంటె నిమ్మళం. ట్రాన్స్‌ఫార్మర్ ధర, బరువు చూసినంక ఈడనే 230 వోల్టుల కుక్కర్ కొనుక్కుంటె అయిపోవు కద అనిపిస్తె అది తప్పేం కాదు.

కరెంటు బిల్లు భయం దీనికి అక్కర్లేదు. 200 వాట్ల గిన్నె మూడు గంటలు నడిస్తె 0.6 యూనిట్, అంతే. 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇండ్లల్ల ఇది లెక్కలకు కూడ రాదు. నడిమిట్ల కరెంటు పోతె మూత తియ్యకుండ ఉంచాలె, మందం గిన్నె కాబట్టి అరగంట ముప్పావుగంట వేడి పట్టి ఉంటది, కరెంటు వచ్చినంక పోయినంత సేపు కలుపుకుంటె చాలు. చల్లటి నీళ్లు మాత్రం వేడి గిన్నెల పోయొద్దు, పింగాణీ టక్కుమని చీరుతది.

ఇంత చెప్పినంక అసలు ప్రశ్న మిగుల్తది, పొయ్యి మీద మందం గంజుల పావుగంట ఇరవై నిమిషాలల్ల ఉడికే పండుకు రెండున్నర గంటల స్లో కుక్కర్ ఎందుకు? నలుగురు మనుషుల ఇంటికి నిజంగ అవసరం లేదు. పనికొచ్చేది ఇంట్ల పదిహేను ఇరవై మంది ఉన్న దినం, క్రిస్మస్ నాడో, పుట్టినరోజుకో, పొయ్యి రెండు బర్నర్ల మీద బగారా అన్నం, మటన్ ఉన్నప్పుడు. అప్పుడు ఒక మూలకు ప్లగ్గు పెట్టి పండు దాని మానాన అది ఉడుకుతుంటె, కాసేపైనంక వార్మ్ మీదికి మార్చితె తినేటోళ్లు రెండు బ్యాచులైనా మూడు బ్యాచులైనా ఆఖరు మనిషికి కూడ వేడిగనే దొరుకుతది. ఓవెన్ క్రిస్ప్‌కు ఆ గుణం లేదు, అది తీసిన అరగంటకే మెత్తబడుడు షురూ.

కరకర పిచ్చి లేదనుకుంటె, వేడి పండు స్వీటే కావాలనుకుంటె, ఈ గిన్నెకు ఖుబానీని మించింది లేదు. ఎండు ఖుబానీ రాత్రంత నానబెట్టి, ఆ నీళ్లతోనే లో మీద మూడు గంటలు పెట్టి, సగంల చక్కెర వేస్తె చాలు, నీళ్లు పోనియ్యని గుణమే ఈడ దానికి లాభం, అడుగంటుడు కూడ ఉండదు. గింజలు పగలగొట్టి లోపలి పప్పును పైన చల్లుతరు, తియ్య పప్పే వాడాలె, చేదుగ తగిలింది పారెయ్యాలె. పండు మెత్తగ, పప్పు పలుకుగ. హైదరాబాద్ వంటోళ్లు ఆ పప్పును పాకంల ఉడకపెట్టకుండ ఆఖరున పైన వేసుకునేది చూస్తె, కరకరను తడికి దూరం ఉంచాలన్న లెక్క వాళ్లకు స్లో కుక్కర్ పేరు వినకముందు నుంచే తెల్సు.

మిగిలిన పైపొరను పండ్లతోని కలపకుండ స్టీల్ డబ్బాల బిగించి పెడ్తె వారం దాక ఆగుతది, నెయ్యి మంచిదైతె ఇంకా రెండు మూడు రోజులు. మిగిలిన పండు ఫ్రిజ్‌ల పెట్టి తెల్లారి వేడి సజ్జరొట్టెల వేసుకొని తినొచ్చు, చల్లగనే ఉన్నా ఏం కాదు.